ఎమిలీ దగ్గర దొరికిన రిటర్న్ టికెట్టు

పోయిన సంచిక చివరి పేజీలో ఒక పాత ఫొటో వేశాం. ఇంగ్లండ్‌లో 1913 నాటి డెర్బీ గుర్రప్పందెం, ట్రాక్ మీద కూలిన గుర్రం, దానికి కాస్త ఎడంగా పడి ఉన్న ఒక ఆడమనిషి, రెయిలింగ్ పొడవునా టోపీలు పెట్టుకున్న జనం. కింద రెండే లైన్లు రాశాం: ఈమె పేరు ఎమిలీ డేవిసన్, ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం రాజుగారి గుర్రానికి అడ్డంపోయి నాలుగు రోజులకు చనిపోయింది అని. ఆ రెండు లైన్లకు ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. తిరుపతి, చిత్తూరు, పుత్తూరు, పలమనేరు, అన్ని వైపుల నుంచీ వచ్చాయి. కొందరు ఆమెకు దండం పెట్టారు, కొందరు తిట్టారు, ఒకాయన ఏకంగా గుర్రం తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. అందుకని పెన్షన్లు, పెళ్ళి సంబంధాలు, పొలం గట్ల తగాదాల ప్రశ్నలన్నీ వచ్చే సంచికకు నెట్టేసి ఈసారి మొత్తం దీనికే ఇస్తున్నాం.

ప్రశ్న: అక్కా, ఆ ఫొటో చూసి మా హాస్టల్లో పెద్ద గొడవే అయింది. పందెం అయిపోయిందనుకుని ట్రాక్ దాటబోయిందని ఒకరు, లేదు కావాలనే పోయిందని ఇంకొకరు. అసలు ఆ రోజు ఏం జరిగిందో కొంచెం వివరంగా చెప్పవా?
– పీజీ విద్యార్థిని, పద్మావతి మహిళా యూనివర్సిటీ, తిరుపతి

జవాబు: చెప్తాను తల్లీ. 1913 జూన్ 4, బుధవారం. లండన్‌కు దక్షిణాన ఎప్సమ్ అనే ఊళ్ళో ఏటా డెర్బీ జరుగుతుంది, ఆ రోజు రాజూ రాణీ మొదలుకుని కూలిపని చేసుకునేవాళ్ళ దాకా అందరూ అక్కడే ఉంటారు. ఆ ఏడు పరుగెత్తినవి 15 గుర్రాలు. వాటిలో ఆన్మర్ అనేది రాజు ఐదో జార్జ్‌ది, దాని మీద కూర్చున్న జాకీ పేరు హెర్బర్ట్ జోన్స్. ఆయన వేసుకున్నది రాజుగారి రంగుల చొక్కా, కాబట్టి దూరం నుంచి చూసినా ఏది రాజుగారి గుర్రమో తెలుస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకో.

ట్రాక్ చివర్లో టాటెన్‌హామ్ కార్నర్ అని ఒక మలుపు ఉంది, గుర్రాలు పల్లం దిగుతూ అక్కడ తిరిగి ఆఖరి నేరుదారిలోకి వస్తాయి. ఆ మలుపు లోపలి వైపు రెయిలింగ్ దగ్గర, జనంలో నిలబడి ఉంది ఎమిలీ. అప్పటికి ఆమెకు 40 ఏళ్ళు. ముందు గుంపు దూసుకుపోయింది. వెనకబడిన గుర్రాల్లో ఆన్మర్ ఉంది. ఆమె రెయిలింగ్ కింద నుంచి దూరి ట్రాక్ మీదికి వచ్చింది, ఒకటి రెండు గుర్రాలు ఆమె పక్క నుంచి పోయాయి, తర్వాత ఆన్మర్‌కు ఎదురుగా నిలబడి చేతులు పైకెత్తింది, కళ్ళెం పట్టుకోవడానికే అన్నట్టు. అది గంటకు 50 కిలోమీటర్ల పైన వేగంతో వస్తోంది. గుద్దేసింది. గుర్రం పల్టీ కొట్టింది, జోన్స్ కింద పడ్డాడు, ఆయన కాలు ఒక క్షణం రికాబులో ఇరుక్కుంది కూడా. ఇదంతా చదవడానికి నీకు పట్టినంత సేపు కూడా అక్కడ పట్టలేదు.

ఆమెకు మళ్ళీ స్పృహ రాలేదు. పుర్రె అడుగుభాగం చిట్లింది. ఎప్సమ్‌లోనే చిన్న ఆస్పత్రిలో చేర్చారు, ఉద్యమానికి తెలిసిన సర్జన్ ఒకాయన వచ్చి ఆపరేషన్ కూడా చేశాడు, లాభం లేకపోయింది. జూన్ 8న చనిపోయింది. ఆస్పత్రికి ఆమెను తిడుతూ ఉత్తరాలు వచ్చాయట, ఆమె ఎలాగూ చదవలేదు కాబట్టి వదిలేద్దాం.

ఇక మీ హాస్టల్ గొడవ. ఆ రోజు మైదానంలో మూడు న్యూస్‌రీల్ కెమెరాలు తిరుగుతున్నాయి, ఆ ఫిల్ము ఇప్పటికీ ఉంది, ఫోన్లో వెతికితే దొరుకుతుంది, చూడండి. పందెం అయిపోయిందనుకుని దాటబోయిందని అక్కడ ఉన్నవాళ్ళు కొందరు నిజంగానే అనుకున్నారు. కానీ రోడ్డు దాటేవాళ్ళు ఎదురొచ్చేదాన్ని తప్పించుకుంటారు, ఈమె పక్క నుంచి పోయేవాటిని పోనిచ్చి ఒకదానికి ఎదురుగా నిలబడింది. ఆమె కోటు లోపల ఉద్యమం జెండాలు రెండు దొరికాయి, ఊదా, తెలుపు, ఆకుపచ్చ రంగులవి. 2013లో నూరేళ్ళయిన సందర్భంగా ఆ మూడు ఫిల్ములనూ పక్కపక్కన పెట్టి పరిశీలించినవాళ్ళు, ఆమె నిలబడిన చోటు నుంచి వచ్చే గుర్రాలు బాగానే కనిపించి ఉంటాయని తేల్చారు. రాజుగారి రంగులు గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. కాబట్టి పొరపాటున దాటిందన్న మీ ఫ్రెండ్‌కు టీ ఖర్చు పడినట్టే.

ప్రశ్న: అమ్మా, ఆమె దగ్గర రానుపోను రైలు టికెట్టు దొరికిందని ఎక్కడో చదివాను. చావడానికి పోయే మనిషి రిటర్న్ టికెట్టు కొంటుందా? మా పక్కన రంగంపేటలో సంక్రాంతికి పశువుల పండగ చేస్తారు, ఎద్దు కొమ్ములకు పలకలు కట్టి వదిలితే కుర్రోళ్ళు వాటికోసం మీద పడతారు, ఏటా ఎముకలు విరుగుతూనే ఉంటాయి. వాళ్ళు చావడానికా పోతారు? ఈమె కూడా గుర్రానికి జెండా తగిలించి వద్దామనే పోయుంటుంది. ఆత్మహత్య అని రాసేవాళ్ళకు బుద్ధి లేదు.
– రిటైర్డ్ హెడ్మాస్టర్, చంద్రగిరి

జవాబు: మాస్టారూ, మీ రంగంపేట పోలిక నాకు నచ్చింది, మీరు చెప్పేదాకా నాకు తట్టలేదు. దెబ్బ తగలొచ్చని తెలిసి దూకడం వేరు, చావాలని దూకడం వేరు, ఆ తేడా పశువుల పండగ చూసినవాళ్ళకు ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు. కానీ టికెట్టు దగ్గర మాత్రం మీరు అంత ధీమాగా ఉండకండి.

టికెట్టు నిజమే. ఎప్సమ్ నుంచి లండన్ విక్టోరియా స్టేషన్‌కు తిరిగి వచ్చే సగం ముక్క ఆమె దగ్గర ఉంది. అయితే పందెం రోజున నడిపే స్పెషల్ రైళ్ళకు రిటర్న్ టికెట్టే ఇచ్చేవాళ్ళని కొందరు అంటారు, అదే నిజమైతే అది ఆమె ఎంచుకుని కొన్నది కాదు. అందుకని నేను టికెట్టు కన్నా మిగతావాటికి ఎక్కువ విలువ ఇస్తాను. లండన్‌లో ఆ రోజుల్లోనే జరుగుతున్న ఉద్యమం వాళ్ళ వేసవి సంబరాలకు వాలంటీరు పాసు ఆమె దగ్గర ఉంది. డైరీలో తర్వాతి రోజుల పనులు రాసుకుంది. ఫ్రాన్స్‌లో ఉన్న అక్క దగ్గరికి పోవాలనుకుంది. ఏ రకంగా చూసినా ఇవి రేపటి గురించి ఆలోచిస్తున్న మనిషి లక్షణాలు.

జెండా సంగతికొస్తే, గుర్రం కళ్ళేనికి జెండా కట్టాలన్నదే ఆమె ప్లాన్ అని చాలామంది నమ్ముతారు. తల్లి ఉండే లాంగ్‌హార్స్‌లీ అనే పల్లెలో పరిగెత్తే గుర్రాలను పట్టుకోవడం ప్రాక్టీస్ చేసిందని కూడా కథ ఉంది. కథలు తర్వాత పుడతాయి మాస్టారూ, ముఖ్యంగా సొంతూళ్ళో, దాన్ని నేను పట్టుబట్టి నమ్మను. లండన్ పార్లమెంటులో ప్రదర్శనకు పెట్టిన ఒక పట్టు కండువా కూడా ఆ రోజు ఆమె చేతిలో ఉన్నదేనంటారు, గుర్రప్పందేల వాళ్ళే దాన్ని ఒప్పుకోరు.

ఇప్పుడు మీకు రుచించని మాట. 1912 జూన్‌లో లండన్‌లోని హాలోవే జైల్లో తోటి ఖైదీలకు బలవంతంగా తిండి ఎక్కిస్తున్నప్పుడు ఈమె ఇనప మెట్ల మీద నుంచి కిందికి దూకింది. వల అడ్డం రావడంతో ఒకసారి బతికి, మళ్ళీ దూకి తలకూ వెన్నుకూ దెబ్బలు తగిలించుకుంది. తర్వాత ఆమే రాసింది, ఒక పెద్ద విషాదం జరిగితే మిగతా ఎందరో బతుకుతారేమో అని నా మనసులో ఉంది, అని. ఈ మాట పక్కన పెట్టి టికెట్టు ఒక్కటే పట్టుకుని వాదిస్తే అది మనకు కావలసింది ఏరుకోవడమే అవుతుంది. చావుకు కారణం తేల్చే విచారణ (ఇన్‌క్వెస్ట్) తర్వాత జ్యూరీ ‘ప్రమాదవశాత్తు’ అని రాసింది, ఆత్మహత్య అనలేదు. నా లెక్క కూడా దానికి దగ్గరే: ఆమె చావడానికి పోలేదు, చావు వస్తే వెనక్కి తగ్గాలని కూడా పోలేదు. ఈ రెండు మాటలూ ఒకే మనిషి విషయంలో నిజం కావచ్చు.

ప్రశ్న: మేడమ్, అందరూ ఆమె గురించే మాట్లాడతారు, ఆ గుర్రం ఏం పాపం చేసింది? ఆ జాకీకి ఏమయింది? మా తాత మద్రాసు గిండీ రేసులకు రైలెక్కి పోయేవాడు, పడిన జాకీ మళ్ళీ లేవకపోవడం తన కళ్ళతో చూశానని చెప్పేవాడు. మన హక్కు కోసం వేరేవాడి ప్రాణం మీదికి తేవొచ్చా?
– గుర్రం తరఫున, చిత్తూరు

జవాబు: గుర్రానికి ఏమీ కాలేదు నాయనా, ముందు ఊపిరి పీల్చుకో. ఆన్మర్ లేచి, రౌతు లేకుండానే మిగతా పందెం పరిగెత్తింది. జోన్స్‌కు తలకు దెబ్బ, ఒళ్ళంతా గాయాలు, కొన్నాళ్ళకు మళ్ళీ గుర్రమెక్కాడు. అప్పటి పేపర్లు చాలావరకు నీలాగే ఆలోచించాయి, గుర్రం ఎలా ఉంది, జాకీ ఎలా ఉన్నాడు, పందెం పాడైంది కదా అనే బాధే ఎక్కువ. రాజుగారి తల్లి అలెగ్జాండ్రా అయితే జోన్స్‌కు పంపిన సందేశంలో ఎమిలీని పిచ్చిదాని కింద కట్టి తిట్టింది.

కానీ నీ ప్రశ్నలో న్యాయం ఉంది, దాటేయను. రంగంపేటలో ఎద్దుకు ఎదురుపోయే కుర్రాడికీ, ఎద్దు యజమానికీ, చూసేవాళ్ళకూ అందరికీ ఆట సంగతి తెలుసు. జోన్స్‌కు ఏమీ తెలీదు. ఆయన జీతానికి గుర్రం తోలే మనిషి, ఆయనకు ఓటు చట్టాలతో పనేముంది? ఆమె చేసిన దాంట్లో నాకు మింగుడు పడనిది ఇదొక్కటే.

అయితే ఆ జాకీ ఏం చేశాడో కూడా విను. ఆ మలుపు దగ్గర చూసిన ముఖం తనను వెంటాడుతూనే ఉందని ఆయన చెప్పుకున్నాడు. 1928లో ఓటు ఉద్యమ నాయకురాలు ఎమెలీన్ పాంక్‌హర్స్ట్ చనిపోతే ఆవిడ అంత్యక్రియలకు పూలదండ తీసుకుని పోయాడు, దాని మీద పాంక్‌హర్స్ట్ పేరుతో పాటు ఎమిలీ డేవిసన్ పేరు కూడా రాయించాడు. ఆయనకు లేని కోపం మనకెందుకని నేననను, నీ కోపం నీది. ఆయన 1951లో ఆత్మహత్య చేసుకున్న మాట నిజమే గానీ, అప్పటికి 38 ఏళ్ళు గడిచాయి. దాన్ని ఈ డెర్బీకి ముడిపెట్టి రాసే రాతలు కనిపిస్తే నమ్మకు.

ప్రశ్న: ఇంతకీ ఆ పందెం ఎవరు గెలిచారు?
– తిరుచానూరు

జవాబు: ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. ముందు గీత దాటింది క్రాగనూర్ అనే గుర్రం, జనం ఆశ పెట్టుకున్నది కూడా దాని మీదే. దారిలో పక్క గుర్రాన్ని ఒరుసుకుందని పందెం తీర్పరులైన స్టీవార్డులు దాన్ని కొట్టేసి, రెండోదైన అబోయర్‌ను గెలిపించారు. దాని మీద రూపాయి కాస్తే వంద వచ్చే బేరం, ఎవరూ లెక్కలోకి తీసుకోని గుర్రం అన్నమాట. క్రాగనూర్ యజమాని టైటానిక్ ఓడ కంపెనీ పెద్ద ఇస్మేకు తమ్ముడు, ఆ కుటుంబానికి పద్నాలుగు నెలల్లో రెండో దెబ్బ అని అప్పట్లో చెప్పుకుని ఉంటారు. ఆ రోజు ఎమిలీ లేకపోయినా ఆ డెర్బీ చరిత్రలో ఉండేది.

ప్రశ్న: మేడమ్ గారూ, ఆమె బాగా చదువుకున్నదట కదా, అంత చదివిన మనిషికి అర్జీలు, మీటింగులు దొరకలేదా? నాకైతే ఆమె మానసిక స్థితి మీద అనుమానంగా ఉంది.
– ఇంగ్లిష్ టీచర్, పుత్తూరు

జవాబు: చదువు దగ్గర మొదలుపెడదాం, మీకు అదే కదా పట్టింపు. రాయల్ హాలోవే కాలేజీలో చదువుతుండగా 1893లో తండ్రి పోయాడు, ఫీజు కట్టలేక మానేసింది. ఇళ్ళలో పిల్లలకు పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టుకుని ఆక్స్‌ఫర్డ్‌లో ఆడపిల్లల కాలేజీలో చేరి, ఇంగ్లిష్‌లో ఫస్ట్ క్లాస్ తెచ్చుకుంది. డిగ్రీ మాత్రం ఇవ్వలేదు. ఆడవాళ్ళు పరీక్ష రాయొచ్చు, ఫస్ట్ క్లాస్ తెచ్చుకోవచ్చు, డిగ్రీ పట్టా ఇవ్వరు, 1920 దాకా ఆక్స్‌ఫర్డ్ రూలు అది. మీరు ఇంగ్లిష్ టీచరు కాబట్టి అడుగుతున్నాను, ఇందులో మానసిక స్థితి ఎవరిది బాగా లేదు?

అర్జీల మాట. ఎమిలీ పుట్టింది 1872లో, అప్పటికే అక్కడ ఆడవాళ్ళు ఓటు కోసం పార్లమెంటుకు అర్జీలు పెట్టుకుంటున్నారు. ఆమె ఉద్యమంలో చేరింది 1906లో. అంటే ఆమె పెరిగి, చదివి, ఉద్యోగం చేసి, ముప్పై దాటేదాకా అర్జీలు నడుస్తూనే ఉన్నాయి. ఆమె చేరిన సంఘం పాంక్‌హర్స్ట్‌లు 1903లో పెట్టింది, ‘మాటలు కాదు, చేతలు’ అనేది వాళ్ళ నినాదం. మీటింగులకు మంత్రులు వస్తే లేచి ప్రశ్న అడిగేవాళ్ళు, బయటికి ఈడ్చేసేవాళ్ళు. అక్కణ్ణుంచి అద్దాలు పగలగొట్టడం, తర్వాత పోస్టు డబ్బాలకు నిప్పు. ఎమిలీ కూడా 1911 డిసెంబర్‌లో పోస్టు డబ్బా తగలబెట్టి ఆరు నెలల శిక్ష వేయించుకుంది. ఆ డబ్బాలో ఏ ముసలమ్మకు కొడుకు రాసిన ఉత్తరం ఉందో అని నాకూ అనిపిస్తుంది. ఖాళీ ఇళ్ళు తగలబెట్టారు, బాంబులు కూడా పెట్టారు. వాళ్ళను శాంతిమూర్తులుగా చూపించే పుస్తకాలు పిల్లలకు ఇవ్వకండి.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి. జైల్లో వీళ్ళు మమ్మల్ని రాజకీయ ఖైదీలుగా చూడండి అని నిరాహార దీక్ష చేసేవాళ్ళు. 1909 సెప్టెంబర్ నుంచి ప్రభుత్వం బలవంతంగా తిండి ఎక్కించడం మొదలుపెట్టింది. నలుగురైదుగురు ఆడ వార్డర్లు చేతులూ కాళ్ళూ అదిమి పట్టుకుంటే, డాక్టరు ముక్కులో నుంచో, నోట్లో ఇనప పట్టీ పెట్టి తెరిచో, రబ్బరు గొట్టం కడుపులోకి దించి పాలూ గుడ్లూ కలిపి పోసేవాడు. ఎమిలీ 9 సార్లు అరెస్టయింది, 7 సార్లు నిరాహార దీక్ష చేసింది, 49 సార్లు ఈ గొట్టం భరించింది. 1909లో మాంచెస్టర్ స్ట్రేంజ్‌వేస్ జైల్లో ఈ బాధ తప్పించుకోవడానికి గది తలుపుకు బల్లలు అడ్డంపెట్టి కూర్చుంటే, వార్డర్లు కిటికీలోంచి నీళ్ళ పైపు పెట్టి చన్నీళ్ళు కొట్టారు, గది నీళ్ళతో నిండింది. ఆమె కోర్టుకెక్కి కేసు గెలిచింది, నష్టపరిహారం 40 షిల్లింగులు. కేసు గెలవగలిగిన మనిషిని పిచ్చిది అనడం కష్టం కదండీ.

డెర్బీకి రెండు నెలల ముందు, 1913 ఏప్రిల్‌లో, ఇంకో చట్టం తెచ్చారు. దీక్షలో నీరసించిన ఖైదీని బయటికి పంపాలి, ఇంట్లో కాస్త తేరుకోగానే మళ్ళీ పట్టుకొచ్చి లోపల వేయాలి. జనం దానికి పిల్లి–ఎలుక చట్టం అని పేరు పెట్టారు.

డెర్బీలో జరిగిన కొన్ని సెకన్లు మూడు కెమెరాలకు చిక్కాయి కాబట్టి నూరేళ్ళకు పైగా మనం అవే చూసి, అవే వాదించుకుంటున్నాం, టికెట్టు కొన్నదా, జెండా పట్టుకుందా, పిచ్చిదా అని. ఆ 49 సార్లనూ ఏ కెమెరా తీయలేదు. తీసి ఉంటే అనుమానం ఎవరి మానసిక స్థితి మీద వచ్చేదో మీరే చెప్పండి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది, మీ పేజీ కట్ చేసి గోడకు అంటించుకుంది. ఇలాంటివి చూసి పిల్లలు ఏ బస్సుకో అడ్డం పోతే? నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, భవానీ నగర్, తిరుపతి

జవాబు: అమ్మా, భయం సహజమే. ఆ ఫొటో పక్కన ఇంకోటి అంటించుకోమనండి. 1911 ఏప్రిల్ 2 రాత్రి ఇంగ్లండ్‌లో జనాభా లెక్కలు. ఎవరు ఆ రాత్రి ఎక్కడ ఉంటే అక్కడి చిరునామాతో రాస్తారు. మాకు ఓటు లేనప్పుడు మీ లెక్కలో మేమెందుకని చాలామంది ఆడవాళ్ళు ఆ రాత్రి ఇళ్ళలో లేకుండా తప్పించుకున్నారు. ఎమిలీ ఏం చేసిందంటే, పార్లమెంటు భవనంలోకి దూరి, కింద ఉన్న ప్రార్థన మందిరం పక్కన చీపుర్లు పెట్టుకునే అల్మారాలో రాత్రంతా దాక్కుంది. దొరికిపోయింది, అయితేనేం, లెక్కల కాగితంలో ఆమె చిరునామా పార్లమెంటు అని పడింది. ఇంటి ఓనరమ్మ కూడా రాసేసింది కాబట్టి రెండుసార్లు పడింది. ఓటు లేని ఆడదాని నివాసం పార్లమెంటు! తర్వాతి కాలంలో టోనీ బెన్ అనే ఎంపీ ఆ అల్మారాలో ఆమె పేరున ఒక ఫలకం కూడా పెట్టించాడు. ఒక్క ఎముక విరగలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. నన్నడిగితే ఆమె చేసిన వాటిల్లో అన్నిటికన్నా తెలివైన పని అదే, గుర్రం ముందు అది మరుగున పడిపోయింది.

ప్రశ్న: అంతా బాగుంది, ఆమె చచ్చినందువల్ల ఓటు వచ్చిందా? అయినా ఎక్కడో ఇంగ్లండ్ కథ, మన చిత్తూరు ఆడోళ్ళకు దీంతో ఏం సంబంధం?
– పాల డెయిరీ నడిపే పాఠకురాలు, పలమనేరు

జవాబు: మొదటిదానికి సూటిగా, లేదు. జూన్ 14న లండన్‌లో శవయాత్ర జరిగింది, దాదాపు ఐదు వేలమంది ఆడవాళ్ళు వెంట నడిచారు, రెండు పక్కలా జనం కిక్కిరిసి నిలబడ్డారు, తర్వాత రైల్లో సొంత ప్రాంతానికి తీసుకుపోయి మోర్పెత్‌లో పూడ్చారు. ప్రభుత్వం ఒక్క అంగుళం కదల్లేదు. మరుసటి ఏడాది ప్రపంచ యుద్ధం వచ్చింది, ఉద్యమం ఆపేశారు. యుద్ధం చివర్లో, 1918లో, 30 దాటి కొంత ఆస్తి ఉన్న ఆడవాళ్ళకు ఓటిచ్చారు. యుద్ధానికి పోయిన మగవాళ్ళ ఓట్లు ఎలాగూ సర్దాల్సి వచ్చింది, ఈ ఆడవాళ్ళ గొడవ మళ్ళీ మొదలవుతుందన్న భయమూ ఉంది, అన్నీ కలిశాయి. మగవాళ్ళతో సమానంగా 21 ఏళ్ళకే ఓటు 1928లో వచ్చింది.

రెండోదానికి మీరు ఎక్కువ దూరం పోనక్కర్లేదు, పలమనేరు నుంచి మదనపల్లెకు బస్సెక్కితే చాలు. ఇప్పుడు జిల్లా వేరైంది గానీ అప్పుడు చిత్తూరు జిల్లానే. మార్గరెట్ కజిన్స్ అని ఐర్లండ్ ఆవిడ, అక్కడ ఓటు సంఘం పెట్టినవాళ్ళలో ఒకరు, లండన్‌లో మంత్రుల ఇళ్ళ కిటికీలు పగలగొట్టి 1910లో హాలోవే జైలుకు పోయింది. ఎమిలీని పెట్టిన జైలే అది. 1913లో డబ్లిన్ కోటలో అద్దాలు పగలగొట్టి ఇంకోసారి జైలు. 1915లో ఇండియాకు వచ్చి, భర్త దివ్యజ్ఞాన సమాజం కాలేజీలో పని చేస్తుండగా మదనపల్లెలో కాపురం పెట్టింది. 1919లో ఠాగూర్ అక్కడికి వచ్చినప్పుడు జనగణమన బాణీని కాగితం మీద పెట్టింది ఈవిడే, మదనపల్లె వాళ్ళు ఆ మాట ఎవరు కనిపించినా చెప్తారు. ఓటు సంగతి మాత్రం చెప్పరు, నా ఫిర్యాదు అదే.

1917లో మద్రాసు అడయారులో పుట్టిన భారత మహిళా సంఘంలో ఈవిడ ముఖ్యురాలు. అదే ఏడాది డిసెంబర్‌లో బ్రిటిష్ మంత్రి మాంటేగు మద్రాసు వస్తే సరోజినీ నాయుడు ముందుండి ఆడవాళ్ళ బృందం ఆయన్ను కలిసింది, ఓటు అడిగింది. ఆ బృందాన్ని కూడగట్టింది కజిన్స్. ఇక్కడ అద్దాలు పగలలేదు, గుర్రాలకు అడ్డం పోలేదు. లండన్ వాళ్ళు ఆ నిర్ణయాన్ని ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం మీద వదిలేశారు, 1921లో అందరికన్నా ముందు మద్రాసు శాసనమండలి ఆడవాళ్ళకు మగవాళ్ళతో సమాన షరతుల మీద ఓటిచ్చింది. మన చిత్తూరు అప్పుడు మద్రాసులోనే. అంటే కాగితం మీద చూస్తే, ఇంగ్లండ్ ఆడవాళ్ళు మగవాళ్ళతో సమానం కావడానికి ఏడేళ్ళ ముందే తిరుపతి ఆడవాళ్ళు అయ్యారు! కాగితం మీద అని ఎందుకన్నానంటే, ఆ షరతుల్లో ఆస్తి, పన్ను ఉన్నాయి. ఆస్తి ఎవరి పేరున ఉంటుందో మీకు నేను చెప్పాలా?

అందరికీ ఓటు రాజ్యాంగంతో వచ్చింది, 1951–52 ఎన్నికల్లో మొదటిసారి వేశారు. అప్పుడు కూడా జాబితా రాసేవాళ్ళు ఇంటికి వస్తే, ఎక్కువగా ఉత్తరాదిలో, ఆడవాళ్ళు పేరు చెప్పకుండా ఫలానా ఆయన భార్య, ఫలానా ఆయన కూతురు అని రాయించారు. ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అలాంటివి కుదరవన్నాడు, పేరు చెప్పనివాళ్ళను తీసేస్తే దాదాపు 28 లక్షలమంది ఆడవాళ్ళు జాబితాలో లేకుండా పోయారు. ఓటు ఉండి, పేరు లేక పోయింది.

మన వైపు 1921 తర్వాత ఏ ఆడవాళ్ళు ఓటేశారో తెలుసుకోవాలని నాకు చాలా రోజులుగా ఉంది. మీ ఇళ్ళలో, పాత పెట్టెల్లో, తాతల కాగితాల్లో మద్రాసు కాలం నాటి ఓటర్ల జాబితాలు గానీ, మదనపల్లె కాలేజీ ఫొటోలు గానీ ఉంటే జెరాక్స్ తీసి పంపండి, అసలుది మీ దగ్గరే ఉంచుకోండి. ముత్తవ్వ ఓటేసిందని ఇంట్లో చెప్పుకునే మాట ఉన్నా రాయండి, ఏ ఊరు, ఏ ఏడాది అని కూడా గుర్తున్నంత వరకు రాయండి. వచ్చే నెల పెన్షన్ల ప్రశ్నల పక్కనే వేస్తాం.